మరుగుజ్జు ఏనుగుల జాడ తీసిన డొరోతియా బేట్

డార్విన్, వాలెస్ వంటి ప్రకృతి శాస్త్రజ్ఞుల జీవితాలను మన విద్యార్థులు తరగతి గదులలోనే తెలుసుకొంటున్నారు. మన పాఠ్యపుస్తకాలలో అంతగా కానరాని ఒక వనిత జీవితాన్ని ఈ సంచికలో వారి ముందుంచదలచినాము. ఆమె ఏనాడూ కళాశాల గడప తొక్కలేదు. ఈ మాటను కళాశాల సంచికలోనే వ్రాయవలసి వచ్చినందుకు పాలకవర్గ సభ్యులు మమ్ములను మన్నింతురని నమ్ముతున్నాము.

డొరోతియా బేట్ 1878 నవంబరు 8వ తేదీన వేల్స్ దేశంలోని కార్మార్థెన్ పట్టణంలో జన్మించినారు. తండ్రి పోలీసు అధికారి. బడిలో చదివినది బహు స్వల్పం. కొండలలో, వాగుల వెంట తిరుగుతూ పక్షులను, గుహలలో దొరికే ఎముకలను పరిశీలించటమే ఆమెకు అసలైన చదువు. పందొమ్మిదేళ్ళ వయస్సులో, 1898లో, ఆమె లండన్ ప్రకృతి చరిత్ర మ్యూజియానికి వెళ్ళి పని అడిగినారు. స్త్రీలకు శాస్త్ర విభాగాలలో చోటులేని రోజులవి. అయినను పక్షుల విభాగంలో చర్మాలను వేరుచేసి సర్దే పని దొరికినది. తరువాత శిలాజాలను శుభ్రపరచే పని కూడ ఇచ్చినారు. నెల జీతం లేదు. ఎన్ని శిలాజాలు సిద్ధం చేస్తే అంతకు కూలి. బీడీలు చుట్టేవారికి వేలకింత అని లెక్కకట్టినట్లే అన్నమాట. ఈ ఏర్పాటు సంవత్సరం, రెండు సంవత్సరాలు కాదు, ఆమె జీవితంలో అధికభాగం సాగినది.

1901లో తొలి వ్యాసం అచ్చయినది. వై నదీలోయలోని ఒక గుహలో దొరికిన ఎముకలను గురించిన వ్యాసమది. ఆ ఏడే ఆమె మధ్యధరా సముద్రంలోని సైప్రస్ ద్వీపానికి స్వంత ఖర్చుతో బయలుదేరి పదునెనిమిది నెలలు అక్కడ గడిపినారు. గుహలు వెదకి మరుగుజ్జు నీటిగుర్రాల ఎముకలు సేకరించినారు. 1902లో రాయల్ సొసైటీ కొంత ధనసహాయం చేయగా, కైరీనియా కొండలలోని ఒక గుహలో అంతవరకు ఎవరూ ఎరుగని మరుగుజ్జు ఏనుగు అవశేషాలు ఆమెకు లభించినవి. ఆ వార్తను 1903లో రాయల్ సొసైటీ ప్రచురించినది.

అంత చిన్న పళ్ళు ఏనుగు పిల్లవి కారాదా అని పాఠకులకు సందేహం కలుగవచ్చును. ఏనుగుకు దవడ పళ్ళు జీవితకాలంలో ఆరు విడతలుగా వెనుకనుండి ముందుకు జరుగుతూ వస్తాయి. ఏ విడత పన్ను ఎంత అరిగినదో చూచి ప్రాణి వయస్సు చెప్పవచ్చును. చిన్నదైన ఒక పన్ను చివరి విడతదై, నమిలి నమిలి అరిగిపోయి ఉంటే, ఆ ఏనుగు పెరిగి పెద్దదయి కూడ చిన్నదిగానే ఉండిపోయినదని తేలుతుంది. సైప్రస్ ఏనుగు బరువు సుమారు 200 కిలోలని నేటి అంచనా. ఐరోపా ఖండంలో తిరిగిన దాని పూర్వజాతి ఏనుగులో మగవి పది టన్నుల వరకు తూగేవి.

ఇంతటి మార్పు ఎట్లు సంభవించినది? ఏనుగు చక్కగా ఈదగలదు. సముద్రమట్టం తగ్గిన కాలాలలో కొన్ని ఈదుకొంటూ ద్వీపం చేరినవి. వాటిని వేటాడే సింహాలు, దుమ్ములగొండులు వెంట రాలేదు. శత్రువే లేనప్పుడు కొండంత దేహంతో రక్షణ పనిలేదు. పైగా ద్వీపంలో మేత కొద్ది. కరవు వచ్చిన ఏట పెద్దదేహం గలది ముందుగా ఆకలికి కూలుతుంది. కొద్ది మేతతో బ్రతికి, త్వరగా ఈడేరి, పిల్లలను కనగలిగినదే మిగులుతుంది. వేల తరాలు ఇట్లు గడిచేసరికి జాతి మొత్తం కుదించుకొనిపోతుంది. చిన్న ప్రాణుల విషయం ఇందుకు తలక్రిందులు. కలుగులో దాగవలసిన అవసరం తీరిన ఎలుకజాతి ప్రాణులు కొన్ని ద్వీపాలలో పెద్దవయినవి. మినార్కా ద్వీపంలో బేట్ కనుగొన్న భారీ డార్మౌస్ అనే మూషికం అట్టిదే.

1904లో ఆమె క్రీట్ ద్వీపంలో కేప్ మాలెకాస్ అనుచోట మరొక చిన్న ఏనుగు శిలాజాలు సేకరించి, 1907లో దానిని కొత్త జాతిగా వర్ణించినారు. ఆమె అన్వేషణలన్నింటిలో మిక్కిలి విచిత్రమైనది మాత్రం 1909 నాటిది. మజోర్కా ద్వీపపు తూర్పు తీరాన ఎముకలున్నవని ఒక మతగురువు వ్రాసిన జాబు అందుకొని ఆమె అక్కడకు వెళ్ళినారు. దొరికినది మేక వంటి ప్రాణి, కాని క్రింది దవడ ముందుభాగాన ఎలుకకు వలె జీవితాంతం పెరిగే రెండు పళ్ళు. ఎలుక మేక అను అర్థం వచ్చునట్లు మయోట్రాగస్ అని ఆమె పేరు పెట్టినారు.

ఈ ప్రాణి దేహంలో ద్వీపజీవనం మొత్తం వ్రాసి ఉన్నది. ఎత్తు అర మీటరు. పొట్టి కాళ్ళు, బిగుసుకొన్న కీళ్ళు, పరుగెత్తే అవసరమే లేదు. మేత మేసే జంతువులకు శత్రువును కనిపెట్టుటకై కన్నులు ప్రక్కలకు ఉండగా, దీనికి ముందుకు తిరిగి ఉన్నవి. మెదడు కూడ చిన్నది. సుమారు 50 లక్షల ఏండ్ల క్రిందట మధ్యధరా సముద్రం చాలవరకు ఎండినప్పుడు దీని పూర్వీకులు నడచివచ్చినవి. మళ్ళీ నీరు నిండగా అక్కడే చిక్కుకొన్నవి. ఎముకలలోని పెరుగుదల వలయాలను బట్టి, మేత కరవైన కాలంలో ఇది సరీసృపం వలె తన పెరుగుదలను ఆపుకొనేదని 2009లో స్పెయిన్ శాస్త్రజ్ఞులు ప్రకటించినారు. అన్ని లక్షల ఏండ్లు నిశ్చింతగా బ్రతికిన ఈ జాతి, నాలుగైదు వేల ఏండ్ల క్రిందట మనుష్యుడు ద్వీపంలో అడుగిడిన కాలానికే అంతరించినది. భయమంటే ఎరుగకపోవటమే దానికి చేటయినదేమో.

తరువాతి కాలంలో బేట్ పాలస్తీనాలోని కార్మెల్ కొండ గుహలలో దొరికిన జంతు అవశేషాలను పరిశీలించి, కాలక్రమేణ అక్కడి వాతావరణం మారిన తీరును వాటినిబట్టి వివరించినారు. డొరోతీ గారడ్ తవ్వకాలపై 1937లో వెలువడిన గ్రంథంలో ఆ భాగం ఆమెదే. 1940లో భూగర్భశాస్త్ర సంఘం వొలాస్టన్ నిధి పురస్కారం ఇచ్చినది. తమవద్ద ఏబది ఏండ్లు పనిచేసిన ఆమెను మ్యూజియంవారు 1948లో ట్రింగ్ శాఖకు అధికారిణిగా నియమించినారు. అప్పటికామె వయస్సు దాదాపు డెబ్బది. గౌరవించుటకు అంత ఆలస్యం ఎందుకయినదో మ్యూజియంవారికే తెలియాలి. మాకయితే అది అన్యాయమనే తోచుచున్నది.

1951 జనవరి 13న ఆమె గుండెపోటుతో కన్నుమూసినారు. ట్రింగ్‌లో ఆమె బల్లమీద, ఇకముందు వ్రాయవలసిన వ్యాసాల జాబితా ఒకటి ఉన్నది. సొంత కాగితాలు చాలవరకు తరువాత జరిగిన గృహదహనంలో కాలిపోయినవి. ఆమె సేకరించిన ఎముకలు మాత్రం మ్యూజియం అరలలో భద్రంగా ఉన్నవి. 2012లో విక్టోరియా హెరిడ్జ్, ఏడ్రియన్ లిస్టర్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు క్రీట్ పళ్ళను తిరిగి పరీక్షించి, అవి ఏనుగువి కావు, మామత్ జాతివని నిరూపించినారు. బేట్ తవ్విన చోటికే మరల వెళ్ళగా ఒక ముంగాలి ఎముక దొరికినది. దానిని కొలిచి చూడగా ఆ మామత్ భుజం ఎత్తు సుమారు 1.13 మీటర్లని తేలినది. ఇంతవరకు తెలిసిన మామత్‌లన్నింటిలో చిన్నది అదే.