తెల్లవారుజాము సాధనతో రూపుదిద్దుకున్న కలియుగ భీముడు కోడి రామమూర్తి

ఛాతీపై ఏనుగు నిలిచిన కొద్ది నిమిషాలనే లోకం గుర్తుంచుకుంది. ఆ నిమిషాల వెనుక గడిచిన సంవత్సరాలను గమనించినవారు తక్కువ. కోడి రామమూర్తి నాయుడి జీవితంలో నిజంగా తెలుసుకోదగినది ఆ సంవత్సరాలలోనే ఉంది.

నేటి పార్వతీపురం మన్యం జిల్లాలోని వీరఘట్టంలో 1880ల తొలినాళ్లలో ఆయన జన్మించారు. తండ్రి వెంకన్న నాయుడు. చిన్నతనంలోనే తల్లి మరణించడంతో తండ్రి గారాబంగా పెంచారు. బాలుడు రోజూ తెల్లవారుజామున ఊరి చెంతనున్న రాజచెరువుకు నడిచివెళ్లి, అక్కడ కసరత్తు ముగించి, కాల్చని పచ్చికుండలో నీరు నింపుకొని ఇంటికి చేరేవాడని చెబుతారు. పచ్చికుండ నీటిని ఎంతోసేపు ఓర్వదు. ఆలస్యమైతే కరుగుతుంది, తడబడితే పగులుతుంది. కండబలం కన్నా ముందు ఆ బాలుడికి అబ్బినది ఈ నిగ్రహమే కావచ్చు.

ఊరిలో అల్లరి మితిమీరడంతో తండ్రి అతనిని విజయనగరంలో పోలీసు శాఖలో ఉన్న తన తమ్ముడు నారాయణస్వామి ఇంటికి పంపారు. పినతండ్రి ఆ కుర్రవాడిని వ్యాయామశాలలో చేర్పించారు. 21 ఏళ్ల వయస్సుకు ఛాతీపై ఒకటిన్నర టన్నుల బరువును మోయగలిగాడని, తరువాత ఆ బరువు 3 టన్నులకు పెరిగిందని ఆయన జీవితగాథలు పేర్కొంటున్నాయి. ఆ అంకెల కన్నా వాటి మధ్య ఉన్న ఎడమే ముఖ్యం. పేరు వచ్చిన తరువాత కూడా సాధన ఆగలేదు.

మద్రాసులోని సైదాపేట కళాశాలలో ఒక ఏడాది వ్యాయామ శిక్షణ పొంది, తాను చదివిన విజయనగరం ఉన్నత పాఠశాలకే ఆయన వ్యాయామోపాధ్యాయుడిగా తిరిగివచ్చారు. వీరుల కథలు చెప్పేవారు సాధారణంగా దాటవేసే ఘట్టమిది. పిల్లలతో ప్రతిరోజూ కసరత్తు చేయించేవాడికి తన సాధన మానుకునే వెసులుబాటు ఉండదు కదా! శాకాహారం, ప్రాణాయామం ఆయన దినచర్యలో విడదీయరాని భాగాలయ్యాయి.

అది దేశమంతటా దేహబలంపై ఆసక్తి పెరిగిన కాలం. ఐరోపా వస్తాదు యూజీన్ శాండో భారతదేశంలో ప్రదర్శనలిచ్చాడు. 1905 నాటి బెంగాల్ విభజన తరువాత స్వదేశీ ఉద్యమంతో పాటు వ్యాయామశాలలూ విస్తరించాయి. భారతీయులు బలహీనులనే పాలకుల చులకన మాటకు రామమూర్తి దేహమే సమాధానంగా నిలిచింది.

విజయనగరానికి చెందిన పొట్టి పంతులు సహకారంతో ఆయన సర్కస్ సంస్థను నెలకొల్పారు. దేహానికి చుట్టిన ఇనుప గొలుసును, ఊపిరి బిగించి ఛాతీని విప్పార్చి తెంచేవారు. రెండు కార్లను ఎదురెదురు దిశల్లో కదలనివ్వకుండా నిలిపేవారు. ఛాతీపై పరచిన బల్ల మీదుగా ఏనుగును ఎక్కించుకునేవారు. బల్ల బరువును ఒకేచోట పడనీయక దేహమంతటా పంచుతుంది. ఆ పైన పక్కటెముకలకు అండ బిగబట్టిన ఊపిరే. అందుకే శ్వాసపై పట్టు లేనివాడికి కండలు ఎన్ని ఉన్నా ఈ విద్య ప్రాణాంతకం.

లండన్‌లో ఇండియన్ హెర్క్యులస్ అన్నారు, స్వదేశంలో కలియుగ భీముడు, మల్ల మార్తాండుడు అన్నారు. ఆర్జించిన ధనంలో అధికభాగం దానధర్మాలకే వ్యయమైంది.

చివరకు కాలిపై రాచపుండు లేచింది. ఆ కాలిని తొలగించక తప్పలేదు. శస్త్రచికిత్సకు మత్తుమందు తీసుకోకుండా, ప్రాణాయామం ఆధారంగానే ఆ బాధను భరించారని చెబుతారు. దేహమే జీవనాధారమైన మనిషికి అది ఎంతటి నష్టమో ఊహించడం కష్టం కాదు. ప్రదర్శనలు ముగిశాయి, చేతిలో ధనమూ నిలువలేదు.

ఆ దశలో పాట్నా సంస్థానాధీశుడు ఆయనను ఆదరించారు. కలహండి, బస్తర్ సంస్థానాలతో పాటు అప్పట్లో ఈస్టర్న్ స్టేట్స్ ఏజెన్సీలో భాగమైన ఆ సంస్థానం నేడు ఒడిశాలోని బలంగీర్ ప్రాంతం. వీరఘట్టం చెరువుగట్టుకు దూరంగా, 1942 జనవరి 16న, ఆయన అక్కడే కన్నుమూశారు. విశాఖపట్నం బీచ్ రోడ్డులో ఆయన విగ్రహం ఉంది. శ్రీకాకుళంలోని క్రీడా మైదానానికి ఆయన పేరు పెట్టారు.