యల్లాప్రగడ సుబ్బారావు

యల్లాప్రగడ సుబ్బారావు (1895 జనవరి 12 - 1948 ఆగష్టు) భారతదేశానికి చెందిన సుప్రసిద్ధ జీవరసాయన శాస్త్రవేత్త. వైద్యవిద్య ముగించిన తరువాత జీవరసాయన శాస్త్రాన్ని అభ్యసించి, అందులో మౌలికమైన ఆవిష్కరణలు చేశాడు.

బాల్యము, విద్యాభ్యాసము

ఈయన భీమవరంలో జగన్నాథం, వెంకమ్మ దంపతులకు జన్మించాడు. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుసార్లు తప్పి, మూడవసారి మద్రాసు హిందూ ఉన్నత పాఠశాల నుండి ఉత్తీర్ణుడయ్యాడు. మామగారి ఆర్థిక సహాయంతో మద్రాసు వైద్య కళాశాలలో చదివాడు. గాంధీజీ పిలుపు మేరకు ఖద్దరు ధరించి శస్త్రచికిత్స ఆచార్యుని ఆగ్రహానికి గురయ్యాడు. అందువలన ఎం.బి.బి.ఎస్. పట్టాకు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టా మాత్రమే లభించింది. ఇద్దరు సోదరులు స్ప్రూ వ్యాధితో మరణించడం ఈయనను పరిశోధన వైపు మళ్ళించింది. కొంతకాలం మద్రాసు ఆయుర్వేద కళాశాలలో బోధించి, అమెరికా వెళ్ళి హార్వర్డు విశ్వవిద్యాలయంలో చేరాడు. తిరిగి స్వదేశానికి రాలేదు. భార్య శేషగిరి ఇక్కడే ఉండిపోయింది.

హార్వర్డు పరిశోధనలు

రక్తంలోను, మూత్రంలోను భాస్వరాన్ని కొలిచే పద్ధతిని సైరస్ ఫిస్కేతో కలసి 1925లో ప్రకటించాడు. ఫాస్ఫేటు ఆమ్ల మాధ్యమంలో మాలిబ్డేటుతో కలసిన పిమ్మట, దానిని క్షయకరణం చేస్తే నీలిరంగు ఏర్పడుతుంది. రంగు ఎంత గాఢమైతే భాస్వరం అంత ఎక్కువ. ఫిస్కే-సుబ్బారావు పద్ధతిగా పేరొందిన దీనిని తరతరాల విద్యార్థులు ప్రయోగశాలలో నేర్చుకున్నారు.

ఈ కొలతే తరువాతి ఆవిష్కరణలకు దారి తీసింది. కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ ఉన్నదని 1927లో ఇరువురూ వెల్లడించారు. కండరం పనిచేసినపుడు ఇది విచ్ఛిన్నమై, విశ్రాంతి సమయంలో తిరిగి ఏర్పడుతుంది. 1929లో ఎ.టి.పి.ని వేరుచేశారు. అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ కూడా దీనిని స్వతంత్రంగా కనుగొన్నాడు. అంతవరకు కండర సంకోచానికి లాక్టిక్ ఆమ్లమే మూలమని భావించేవారు. ఆ అభిప్రాయం మారడానికి ఈ పరిశోధనలు తోడ్పడ్డాయి.

లెడర్లీ ప్రయోగశాల

హార్వర్డులో శాశ్వత పదవి లభించకపోవడంతో 1940లో న్యూయార్కు రాష్ట్రంలోని లెడర్లీ సంస్థలో చేరి, పరిశోధన విభాగానికి అధిపతి అయ్యాడు. ఈయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లం సంశ్లేషణను ప్రకటించింది. సోదరులను బలిగొన్న స్ప్రూ చికిత్సలో అది ఉపయోగపడింది. ఫోలిక్ ఆమ్లానికి ప్రతిరోధకమైన అమినోప్టెరిన్‌తో సిడ్నీ ఫార్బర్ పిల్లల రక్తక్యాన్సరును తాత్కాలికంగా అదుపు చేయగలిగాడు. బోదకాలు వ్యాధిని కలిగించే ఫైలేరియా క్రిములపై పనిచేసే డైఇథైల్‌కార్బమజీన్ కూడా ఈ ప్రయోగశాల నుండే వెలువడింది. ఈయన పర్యవేక్షణలో బెంజమిన్ డగ్గర్ ఆరియోమైసిన్‌ను కనుగొన్నాడు.

మరణము, గుర్తింపు

సుబ్బారావు 53వ యేట అమెరికాలోనే మరణించాడు. నోబెల్ బహుమతి లభించలేదు. ఒక శిలీంధ్ర ప్రజాతికి ఈయన పేరుమీద సుబ్బారోమైసిస్ అని నామకరణం చేశారు. 1995లో భారత ప్రభుత్వం శతజయంతి తపాలా బిళ్ళను విడుదల చేసింది.