ఆరవ నిజాము దుస్తుల వైభవము

నల్లరేగడి నేలలలో పత్తి పండించు ఆదిలాబాదు సీమకు 1905లో ప్రత్యేక జిల్లా హోదా కలిగెను. ఆనాటి హైదరాబాదు సంస్థానాధీశుడు ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్. పురుషునకు సొగసు తెచ్చునది బట్ట వెలయా, అది ఒంటికి కుదురుటయా అను ప్రశ్నకు ఆయన జీవితము చక్కని సమాధానము చెప్పును.

మహబూబ్ అలీఖాన్ 1866 ఆగస్టులో జన్మించెను. తండ్రి అఫ్జలుద్దౌలా 1869లో మరణింపగా, మూడేండ్లైనను నిండని పసివాడు గద్దె నెక్కెను. రాజ్యభారమును మొదటి సాలార్‌జంగు మొదలగువారు వహించిరి. 1884లో వైస్రాయి రిప్పన్ ప్రభువు సమక్షమున ఆయనకు పూర్ణాధికారములు సంక్రమించెను. ఉర్దూ, పారశీక విద్యలతోపాటు ఆంగ్లవిద్యయు ఆయనకు అబ్బెను. ఆ రెండు లోకములును ఆయన ఉడుపులలో కలిసినవి: ఒకపూట షేర్వానీ, తలపాగా, మరొకపూట ఐరోపా కోటు.

హైదరాబాదులోని పురానీ హవేలీలో ఆయన దుస్తుల మందిరము నేటికిని కలదు. 176 అడుగుల పొడవున, రెండంతస్తులుగా కొయ్య అల్మారాలు బారులు తీరియుండును. పై అంతస్తు చేరుటకు చేతితో త్రిప్పు కొయ్య లిఫ్టు గలదు. ఒకమారు తొడిగిన దుస్తును ఆయన మరల తొడుగడని ప్రతీతి.

అయినను రాజా దీన్ దయాళ్ తీసిన ఛాయాచిత్రములలో చూపరులను ఆకర్షించునది ఆ అల్మారాల సంపద కాదు. ఆయనది భారీ విగ్రహము కాదు. కాని భుజపు కుట్టు భుజము చివరనే నిలుచును. నడుముపట్టీ చక్కగా అమరును. షేర్వానీ అనునది మెడనుండి నడుమువరకు ఒంటిని అంటి, ఆపై వదులై మోకాళ్ల దాక జారు ఉడుపు. దర్జీ కొలత అంగుళము తప్పినచో ఎంతటి జరీపనియు ఆ లోపమును కప్పజాలదు. బట్ట వెల కొన్నవానికే తెలియును. కుదురు ఎల్లరకును కనబడును.

వెలకు గల విలువ ఎంతటిదో ఆయన మరొక విధముగ గ్రహించెను. 184 కారట్లకు పైబడిన జాకబ్ వజ్రమునకై 1891లో బేరము జరుగగా, అది వివాదమై కలకత్తా న్యాయస్థానమున కెక్కెను. చివరకు వజ్రము దక్కినను ఆయన దానిని ఆదరింపలేదు. తండ్రి మరణానంతరము ఉస్మాన్ అలీఖాన్‌కు అది ఒక చెప్పు మొనలో దొరకెననియు, ఆయన దానిని కాగితములు ఎగురకుండ బరువుగా వాడెననియు చెప్పుదురు. లోకప్రసిద్ధమైన రత్నమైనను ధరించినవానికి నచ్చనిచో చెప్పులోని రాయితో సమానమే.

1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి నగరమును ముంచెత్తెను. వేలాది జనులు మరణించిరి. ప్రభువు నిరాశ్రయులకు రాజభవన ద్వారములు తెరపించి, అన్నవస్త్రములకు ఏర్పాటు చేయించెను. ఆ దినములలోనే ఆయన ధోవతి కట్టి, జందెము వేసికొని, మూసీ యొడ్డున నదీమతల్లికి హారతి పట్టెనని హైదరాబాదు ప్రజలు తరతరములుగా చెప్పుకొందురు. ఇది జనశ్రుతియే కావచ్చును. కాని పండితుడు మొదలు పామరుని వరకు నమ్మిన జనశ్రుతి యిది.

1911 ఆగస్టు 29న ఫలక్‌నుమా భవనమున ఆయన కన్నుమూసెను. మక్కా మసీదు ప్రాంగణమున ఆయన సమాధి యున్నది. తరువాత గద్దెనెక్కిన కుమారుడు ఉస్మాన్ అలీఖాన్ లోకములోకెల్ల ధనవంతుడని పేరొందియు, పాతబడిన టోపీతో, సాదా ఉడుపులతో కాలము గడపెను. తండ్రి అల్మారాల అవసరము ఆయనకు కలుగలేదు.

ఆ అల్మారాలు నేడు నిజాము వస్తుప్రదర్శనశాలలో భాగమై, చూడవచ్చిన బడిపిల్లలను ఆశ్చర్యపరచుచున్నవి. వాటిలో ఏ దుస్తు ఎంత వెలదో నేడు ఎవరికిని జ్ఞప్తి లేదు. మూసీ యొడ్డున ఆయన కట్టెనన్న ధోవతి మాత్రము ఏ అల్మారాలోను లేదు. అయినను ప్రజలు మరువనిది అదొక్కటే. ఉడుపు ఒంటికి కుదిరిన సొగసు కలుగును. సమయమునకు కుదిరిన, ఆ సొగసు మనిషి వెనుక కూడ నిలుచును.