నాదార్చన మొనర్చిన త్యాగరాజస్వామి

ప్రత్తి, మిరప పైరులకు ప్రసిద్ధమైన ప్రకాశం సీమలో, కంభము ప్రాంతమున, కాకర్ల యను గ్రామము కలదు. ఆ గ్రామనామమే యింటిపేరుగా గల ములకనాటి వైదిక కుటుంబ మొకటి పూర్వము కావేరీ తీరమునకు తరలిపోయెను. ఆ వంశమున 1767వ సంవత్సరము మే 4వ తేదీన తిరువారూరునందు శ్రీ త్యాగరాజస్వామి జన్మించిరి. సీమ మారినను ఆ యింట తెలుగు మారలేదు.

తండ్రి రామబ్రహ్మము గారు రామాయణ ప్రవచన మొనర్చెడివారు. తల్లి సీతమ్మ గారి యొడిలో భక్తుల కీర్తనలు విని పెరిగి, శొంఠి వేంకటరమణయ్య గారి సన్నిధిని సంగీతశాస్త్ర మభ్యసించిరి. తిరువయ్యారున వీథులలో హరినామము పాడుచు, ఉంఛవృత్తిచే లభించిన బియ్యమును వండించి శ్రీరామునకు నివేదించి, శిష్యులతో కూడి ప్రసాదము స్వీకరించుట వారి నిత్యవ్రతము.

1798 మొదలు 1832 వరకు తంజావూరు నేలిన శరభోజి మహారాజు స్వామిని ఆస్థానమునకు పిలువనంపగా వారు అంగీకరింపలేదని ప్రసిద్ధి. అర్చనకై కోసిన పుష్పమును మరియొకరి మెడలో వేయరాదు గదా! అయితే ఆ నిరాకరణము ఇంట కలహమునకు కారణమయ్యెను. దారిద్ర్యమునకు విసిగిన అగ్రజుడు జప్యేశుడు, స్వామి పూజించు శ్రీరామ విగ్రహములను కావేరిలో పడవైచెనని పెద్దలు చెప్పుదురు. తిరిగి లభించువరకు స్వామికి పీఠము శూన్యము. అయినను పూజ నిలువలేదు. పుష్పము లేదు, దీపము లేదు. ఆర్తితో కూడిన గానమే అర్చనమయ్యెను.

వారి ఉత్సవ సంప్రదాయ కీర్తనలను పరిశీలించినచో ఈ రహస్యము బోధపడును. మేలుకొలుపు, హెచ్చరిక, నైవేద్యము, తాంబూలము, హారతి, లాలి, పవ్వళింపు — ఇట్లు ప్రతి యుపచారమునకును ఒక పాట కలదు. అక్కడ గానము పూజకు అలంకారము కాదు, పూజయే. ఘనరాగ పంచరత్నములు విద్వాంసులకు. దివ్యనామ కీర్తనలు ఇల్లాండ్రకును బాలురకును సుగమములు. రెండింటి గమ్యము రాముడొక్కడే.

అంత్యమున సన్న్యాసము స్వీకరించి, 1847 జనవరి 6వ తేదీన, పుష్య బహుళ పంచమినాడు స్వామి పరమపదించిరి. ఆ సమాధిపై 1920 తరువాతి దశకమున మందిరము కట్టించినవారు బెంగళూరు నాగరత్నమ్మ గారు. కచేరీలవలన ఆర్జించిన ధనమును ఆమె ఆ సన్నిధికే సమర్పించిరి.

నిత్యపూజ చేయు గృహస్థులు నైవేద్యవేళ ఒక్క కీర్తనమైన భక్తితో పాడుదురు గాక! శ్రుతి కొంత తప్పినను శ్రీరామచంద్రుడు ఆలకించును.