నూనె పొరను లెక్కగట్టిన రెనాల్డ్స్

సైన్సు చదివిన మన హాస్టల్ మిత్రుల్లో చాలామందికి రెనాల్డ్స్ సంఖ్య తెలుసు. రెండు మార్కుల ప్రశ్నగా రాసేసి మరచిపోతాం. ఆ పేరుగల మనిషి గురించి నాలుగు మాటలు తమ్ముళ్లకు, చెల్లెళ్లకు చెప్పాలనిపించింది.

ఆస్బర్న్ రెనాల్డ్స్ 1842 ఆగస్టు 23న ఐర్లాండులోని బెల్‌ఫాస్టులో జన్మించారు. తండ్రి మతగురువు, బడి పంతులు, లెక్కల్లో దిట్ట. కాబట్టి మనలో చాలామందిలా ఇంట్లో మొదటి చదువరి కాదాయన. అయితే కాలేజీకి వెళ్లకముందే, 1861లో, ఒక ఇంజనీరు వర్క్‌షాపులో అప్రెంటిస్‌గా చేరారు. యంత్రం ఎందుకలా నడుస్తుందో తెలియాలంటే గణితం కావాలని అక్కడే తెలుసుకుని, ఆ తర్వాత కేంబ్రిడ్జిలో చదివి 1867లో పట్టభద్రులయ్యారు. ఐటీఐ, పాలిటెక్నిక్ తమ్ముళ్లను తక్కువగా చూసేవారు ఈ వరుస గమనించాలి.

1868లో, పాతికేళ్ల వయసుకే, మాంచెస్టర్‌లోని ఓవెన్స్ కాలేజీలో ఇంజనీరింగ్ ప్రొఫెసరయ్యారు. అదే ఏడు పెళ్లి. సంవత్సరం తిరక్కుండానే భార్య మరణించారు. 1905 దాకా అక్కడే పనిచేశారు. ఆయన పాఠాలు ఓ పట్టాన అర్థమయ్యేవి కావట! ఎలక్ట్రాన్ కనుగొన్న జె.జె. థామ్సన్ కూడా ఆ తరగతిలో కూర్చున్నవారే.

1883లో గాజు గొట్టంలో రంగు నీటి ధార వదిలి, ప్రవాహం ఎప్పుడు చెదురుతుందో చూపారు. అది పుస్తకాల్లో ఉంది. మాకు మరీ నచ్చింది ఇంకొకటి. ఆ రోజుల్లోనే బోషాం టవర్ అనే ఇంజనీరు రైలు ఇరుసు బేరింగులను పరీక్షిస్తూ, నూనె పోయడానికి పైన రంధ్రం చేశారు. నూనె లోపలికి పోకపోగా పైకి ఉబికింది. చెక్క బిరడా కొడితే దాన్నీ తోసేసింది. ఎందుకో 1886లో రెనాల్డ్స్ లెక్కగట్టి చెప్పారు. తిరిగే ఇరుసు నూనెను సన్నబడే సందులోకి ఈడ్చుకుపోతుంది. చోటు చాలక పీడనం పెరుగుతుంది. బరువు మోసేది ఆ పీడనమే; లోహం లోహాన్ని తాకదు. ఇందుకోసం ఆలివ్ నూనె స్నిగ్ధతను స్వయంగా కొలిచారు.

ఆయన తలాలు నున్నగా ఉన్నాయనీ, మధ్యలో ఉన్నది ఒకే ద్రవమనీ అనుకున్నారు. నిజానికి లోహం గరుకు. నూనెలో నీరు, గాలి బుడగలు కలుస్తాయి. 1978లో పాటిర్, చెంగ్ అనేవారు గరుకుతనాన్ని సగటు చేసి ఆ సమీకరణంలో చేర్చారు. ఇప్పుడు కంప్యూటర్లో సందును వేల గడులుగా విడగొట్టి, మిశ్రమాలకూ లెక్క కడుతున్నారు. పీజీ ప్రాజెక్టులో మేమూ చేశాం. పీడనం పడిపోయి బుడగలు పుట్టేచోట ప్రోగ్రాం మమ్మల్ని వారాల తరబడి ఏడిపించింది. రెనాల్డ్స్ చేతిలో ఉన్నది కాగితం, కలమే.

1912 ఫిబ్రవరి 21న ఇంగ్లండులోని వాచెట్‌లో కన్నుమూశారు. రంగు ధార వదిలిన ఆ తొట్టిని మాంచెస్టర్ విశ్వవిద్యాలయం నేటికీ భద్రపరచింది.