శక్తిని కొలిచిన స్వామి

ఉద్దానం తోటల్లో ముదిరిన కొబ్బరికాయ ఒకటి ముచ్చిక వీడి రాలుతుంది. చెట్టు మీద ఉన్నంతవరకు అందులో నిలిచి ఉన్నది స్థితిజశక్తి. రాలుతున్నప్పుడు అది గతిజశక్తిగా మారుతుంది. నేలను తాకిన క్షణంలో కొంత శబ్దంగా, కొంత ఇసుకలో గుంట పడడానికి చేసిన పనిగా, మిగిలినది చేతికి అందనంత స్వల్పమైన వేడిగా పంచుకుపోతుంది. ఈ పద్దులన్నీ కూడితే మొదటి మొత్తమే వస్తుంది. శక్తి రూపం మారుతుందే గాని నశించదు. దీనినే శక్తి నిత్యత్వ నియమం అంటారు. ఒకప్పుడు ఈ లెక్క పరమాణు కేంద్రకం దగ్గర కుదరక మహాశాస్త్రవేత్తలే కలతపడ్డారు. ఆ రంగంలోనే పరిశోధన సాగించిన తెలుగువాడు స్వామి జ్ఞానానంద.

ఆయన పూర్వాశ్రమ నామం భూపతిరాజు లక్ష్మీనరసింహరాజు. పశ్చిమ గోదావరి జిల్లా భీమవరం సమీపంలోని గొరగనమూడి గ్రామంలో 1896 డిసెంబరు 5న జన్మించారు. నరసాపురంలోని టేలరు ఉన్నత పాఠశాలలో చదివారు. ఇంట తండ్రిగారి వైదిక గ్రంథాల నడుమ పెరిగిన ఆ బాలునికి చిన్ననాడే ఆధ్యాత్మిక చింతన అలవడింది. యౌవనంలో ఇల్లు విడిచి, హిమాలయ ప్రాంతాలలో దీర్ఘకాలం యోగసాధన చేశారు. 1927లో జర్మనీ వెళ్ళారు. వెళ్ళినది యోగాన్ని, వేదవాఙ్మయాన్ని గురించి ప్రసంగించడానికి. కాని ఐన్‌స్టీన్ సాపేక్ష సిద్ధాంతం ఆయన మనస్సును పట్టుకుంది. ముప్పై ఏళ్ళు దాటిన వయస్సులో, పరాయి భాషలో, డ్రెస్డెన్ నగరంలో గణితాన్నీ భౌతికశాస్త్రాన్నీ మొదటినుంచి నేర్చుకోవడానికి ఆయన కూర్చున్నారు. పేరు పొందిన ప్రవచనకర్త మళ్ళీ పలక పట్టడం ఎంత కష్టమో ఊహించవచ్చు.

శక్తి అనే మాట అందరికీ ఒకే అర్థాన్ని ఇవ్వదు. అలంకారశాస్త్రం చదివినవారికి పదం తన అర్థాన్ని తెలిపే వ్యాపారం స్ఫురిస్తుంది. ఉపాసకునికి జగన్మాత స్ఫురిస్తుంది. భౌతికశాస్త్రానికి మాత్రం అది పని చేయగల సామర్థ్యం, అంకెల్లో చెప్పదగిన రాశి. స్వామి ఈ చివరి అర్థాన్ని ఆశ్రయించి ప్రాగ్‌లోని చార్లెస్ విశ్వవిద్యాలయంలో ఎక్స్ కిరణాల వర్ణపటాలపై పరిశోధించి 1936లో డాక్టరేటు పొందారు. తరువాత ఇంగ్లండులోని లివర్‌పూల్ విశ్వవిద్యాలయంలో, న్యూట్రానును కనుగొని నోబెల్ బహుమతి పొందిన జేమ్స్ చాడ్విక్ వద్ద చేరి బీటా కిరణాలపై పనిచేశారు.

ఇక్కడ కొంచెం నిలిచి చూడాలి. కొన్ని పరమాణువుల కేంద్రకాలు తమంతట తామే మార్పు చెంది ఎలక్ట్రానులను వెలువరిస్తాయి. అవే బీటా కిరణాలు. ఒకే రకం కేంద్రకం ఒకే రకంగా మారుతుంది కనుక ప్రతి ఎలక్ట్రానుకూ ఒకే శక్తి ఉండాలి. కాని ఎలక్ట్రానులు అతి తక్కువ శక్తి మొదలుకొని ఒక గరిష్ఠ విలువ వరకు అన్ని విలువలతోనూ వస్తున్నాయని 1914లో చాడ్విక్ తేల్చారు. మిగిలిన శక్తి ఏమైనట్లు? కేంద్రకాలలో శక్తి నిత్యత్వ నియమం చెల్లదేమోనని నీల్స్ బోర్ వంటి పండితుడే సందేహించారు. 1930లో పౌలీ మరొక దారి చూపారు. విద్యుదావేశం లేని, కంటికీ పరికరానికీ చిక్కని ఒక కణం ఆ శక్తిని మోసుకుపోతున్నదని ఊహించారు. దానికే న్యూట్రినో అని పేరు వచ్చింది. ఈ ముడిని విప్పినది స్వామి కాదు. కాని ఇటువంటి తగవులు తీరాలంటే శక్తిని తప్పులేకుండా కొలిచేవారు కావాలి. ఆయన ఎంచుకున్నది ఆ పని.

బీటా కిరణాలను అయస్కాంత క్షేత్రంలోకి పంపితే అవి వంపు తిరుగుతాయి. వేగం ఎక్కువైన ఎలక్ట్రాను తక్కువగా, వేగం తక్కువైనది ఎక్కువగా వంగుతుంది. ఆ వంపును బట్టి శక్తిని లెక్కగడతారు. అయితే దారిలో గాలి ఉంటే ఎలక్ట్రాను గాలి అణువులను ఢీకొని, తన శక్తిలో కొంత వాటికి ఇచ్చివేస్తుంది. అప్పుడు మనం కొలిచేది పుట్టినప్పటి శక్తి కాదు, ఖర్చయిన తరువాత మిగిలినది. అందువల్ల పరికరంలోని గాలిని వీలైనంత తోడివేయాలి. స్వామి శూన్యాన్ని సృష్టించే విద్యపై ఎందుకంత శ్రద్ధ చూపారో దీనివల్ల తెలుస్తుంది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఆయన అమెరికాలోని మిచిగాన్ విశ్వవిద్యాలయంలో పనిచేశారు. అధిక శూన్యాల ఉత్పత్తిని, కొలతను గురించి ఆయన ఆంగ్లంలో రచించిన ‘హై వాక్యువా’ గ్రంథం 1947లో న్యూయార్కులో వెలువడింది.

స్వతంత్రం వచ్చిన సంవత్సరంలోనే ఆయన స్వదేశానికి తిరిగివచ్చి, ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలలో పనిచేసి, 1954లో విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చారు. 1956లో అక్కడ కేంద్రక భౌతికశాస్త్రం స్వతంత్ర శాఖ అయింది. ఆయనే దానికి అధిపతి. ఊహగానే మిగిలిన న్యూట్రినో అమెరికాలో రైన్స్, కోవన్‌ల ప్రయోగంలో చిక్కినది కూడా ఆ ఏడాదే. తప్పిపోయిన పద్దు దొరికింది, లెక్క కుదిరింది.

ఈ విద్య మనకు దూరమైనది కాదు. భావనపాడు, కళింగపట్నం తీరాల ఇసుకలో మోనజైట్ అనే ఖనిజం ఉంది. అందులోని థోరియం క్రమంగా క్షీణిస్తూ పోయే వరుసలో పుట్టే కొన్ని పరమాణువులు బీటా కిరణాలను వెలువరిస్తాయి. ఐరోపాలో స్వామి కొలిచిన జాతి కిరణాలే మన కాళ్ళకింది ఇసుకలోనూ పుడుతున్నాయి.

స్వామి 1969 సెప్టెంబరు 21న పరమపదించారు. ఆయన నెలకొల్పిన ప్రయోగశాలలకు విశ్వవిద్యాలయం ఆయన పేరే పెట్టింది. కంచిలిలో ఉన్న సోంపేట స్టేషనులో రైలెక్కి విశాఖలో భౌతికశాస్త్రం చదువబోయే విద్యార్థికి ఆ పేరు అక్కడ కనిపిస్తుంది.