మధ్యాహ్నం తెరుచుకున్న బడి: రమాబాయి రానడే జీవితం

వయోజన విద్య అనగానే మనకు రాత్రిబడి గుర్తొస్తుంది. పగలంతా పొలంలోనో మిల్లులోనో పనిచేసిన మనిషి లాంతరు ముందు పలక పట్టుకుని కూర్చునే దృశ్యం అది. జ్యోతిరావు, సావిత్రీబాయి ఫూలే దంపతులు 1855లోనే పుణేలో శ్రామికుల కోసం అలాంటి బడి నడిపారు. అయితే గృహిణికి ఆ వేళ కుదరదు. వంట, వడ్డన, పిల్లలను నిద్రపుచ్చడం అన్నీ అప్పుడే. పైగా చీకటి పడ్డాక ఆడవాళ్లు గడప దాటడం ఆనాటి సమాజం ఊహించని విషయం. రోజు మొత్తంలో ఆమెకు కాస్త ఊపిరి పీల్చుకునే వ్యవధి ఒక్కటే ఉండేది: మధ్యాహ్నం భోజనాలయ్యాక, సంధ్యాదీపం వెలిగించేలోపు.

ఆ వ్యవధిని బడిగా మార్చిన వారిలో ముందువరుసలో నిలిచిన మహిళ రమాబాయి రానడే. మహారాష్ట్ర బయట ఆమెను ఎక్కువగా జస్టిస్ మహాదేవ గోవింద రానడే భార్యగానే తలుచుకుంటారు. అదే కాలపు మరో సంస్కర్త పండిత రమాబాయితో పొరబడేవారూ ఉన్నారు. పెద్దయ్యాక చదువుకోవడం ఎంత కష్టమో స్వయంగా అనుభవించి, ఆ కష్టం తర్వాతివారికి తగ్గేలా ఒక సంస్థను నిలబెట్టడం ఆమె చేసిన అసలు పని.

పదకొండేళ్ల పెళ్లికూతురు

రమాబాయి 1862 జనవరి 25న ఇప్పటి సాంగ్లీ జిల్లా దేవరాష్ట్రే గ్రామంలో కుర్లేకర్ కుటుంబంలో పుట్టింది. పుట్టింట్లో పెట్టిన పేరు యమున. ఆడపిల్ల చదివితే ఇంటికి అరిష్టమని నమ్మే రోజులవి. ఆమెకు అక్షరాలు నేర్పాలని ఎవరూ అనుకోలేదు.

1873 డిసెంబరులో పెళ్లయ్యేనాటికి ఆమెకు పదకొండేళ్లు, రానడేకు ముప్పై ఒకటి. మొదటి భార్య చనిపోయి కొన్ని వారాలే అయింది. వితంతు పునర్వివాహాలను బాహాటంగా సమర్థించిన రానడే ఒక వితంతువును పెళ్లాడతారని మిత్రులు ఆశించారు. తండ్రి గోవిందరావు పట్టుబట్టి బాలికతో పెళ్లి జరిపించారు. రానడే తలవంచారు. చెప్పేదొకటి, చేసేదొకటి అని సంస్కర్తలూ ఛాందసులూ కలిసే ఆయనను ఎత్తిపొడిచారు.

ఆ అపరాధ భావమో, చదువు మీద నమ్మకమో, పెళ్లయిన రోజు రాత్రే ఆయన ఆమెకు పలక అందించి అక్షరాలు దిద్దించడం మొదలుపెట్టారు. రమాబాయి చదువు రాత్రి వేళ, గది తలుపుల వెనక, భర్త పర్యవేక్షణలో సాగింది. ఇంటి లోపల ఆమె విద్యార్థిని కావడానికి ఆయన అండ సరిపోయింది. పగటి వేళ అదే ఇంట్లో బతకడానికి మాత్రం ఆ అండ చాలలేదు.

పాఠం అయ్యాక స్నానం

పుణేలోని రానడే ఇల్లు పెద్ద ఉమ్మడి కుటుంబం. రానడే సవతి తల్లి, వితంతువైన చెల్లెలు దుర్గ, ఇతర బంధువులు కలిపి ఇంటినిండా ఆడవాళ్లే. వారిలో చాలామందికి కోడలి చదువు గిట్టలేదు. మొగుడు అడిగినా తప్పించుకో, చదవమంటే నెమ్మదిగా చదువు, విసుగెత్తి ఆయనే మానేస్తాడని హితబోధ చేసేవారు. విననప్పుడు ఎగతాళి చేసేవారు, పలకరించడం మానేసేవారు.

మరాఠీ కాస్త వచ్చాక ఇంగ్లీషు మొదలైంది. ఒక ఇంగ్లీషు మహిళ వచ్చి పాఠం చెప్పే రోజుల్లో ఇంటి ఆడవాళ్లు కొత్త నియమం పెట్టారు. విదేశీయురాలి పక్కన కూర్చుని వచ్చిన కోడలు స్నానం చేస్తేనే వంటింట్లోకి రానిస్తారు. చలికాలమైనా, ఒంట్లో బాగాలేకపోయినా పాఠం అయ్యాక స్నానం తప్పేది కాదు. ఈ సంగతులను రమాబాయి చాలావరకు భర్తకు చెప్పలేదు. చెబితే ఇంట్లో గొడవ పెరుగుతుందని ఆమెకు తెలుసు.

తర్వాతి జీవితంలో ఆమె చేసిన పనికి మూలం ఈ అనుభవంలోనే ఉంది. పెళ్లయిన స్త్రీ చదువుకు డబ్బు, ఉపాధ్యాయురాలు ఉంటే సరిపోదని ఆమె గ్రహించింది. తోటి ఆడవాళ్ల ఎత్తిపొడుపును ఒంటరిగా మోయాల్సిరావడమే పెద్ద అడ్డంకి. నలుగురు కలిసి చదివే చోటు ఉంటే ఆ బరువు పంచుకోవచ్చు.

1870ల చివర్లో రానడేకు నాసిక్‌కు బదిలీ అయింది. ఉమ్మడి కుటుంబానికి దూరంగా, సొంత కాపురంలో రమాబాయి చదువు వేగం పుంజుకుంది. ఊరి మహిళలను పసుపు కుంకుమల పేరంటానికి పిలిచి, వాళ్లతో బడి గురించి, ఆడపిల్లల చదువు గురించి మాట్లాడటం అక్కడే అలవాటైంది. పేరంటం ఎవరూ తప్పుపట్టని కలయిక. పాత ఆచారాన్ని కొత్త పనికి వాడుకునే ఈ నేర్పు ఆమెకు చివరిదాకా ఉపయోగపడింది.

ఆశ్రమమా, బడా?

1882లో పండిత రమాబాయి పుణేకు వచ్చి ఆర్య మహిళా సమాజం స్థాపించినప్పుడు ఆమె ప్రసంగాలు వినడానికి వెళ్లిన తొలి స్త్రీలలో రమాబాయి రానడే ఒకరు. బాలికలకు ఉన్నత పాఠశాల కావాలంటూ బొంబాయి గవర్నర్ ఎదుట ఆమె ఇంగ్లీషులో విజ్ఞాపన చదివింది. 1884లో పుణేలో బాలికల ఉన్నత పాఠశాల మొదలైంది. ఆ ప్రసంగం చేసినందుకు ఇంటి ఆడవాళ్ల నుంచి పడాల్సిన మాటలు పడింది.

తర్వాతి దశాబ్దంలో స్త్రీవిద్యకు మరో దారి తెరుచుకుంది. పండిత రమాబాయి 1889లో బొంబాయిలో శారదా సదన్ ప్రారంభించి మరుసటి ఏడాది పుణేకు మార్చారు. అక్కడి వితంతువులు క్రైస్తవం వైపు మళ్లుతున్నారన్న వివాదంతో 1893లో రానడే, భండార్కర్ వంటివారు సలహా సంఘం నుంచి తప్పుకున్నారు. ధోండో కేశవ్ కర్వే 1896లో వితంతువుల కోసం మరో ఆశ్రమం నెలకొల్పారు.

ఈ రెండు సంస్థలూ ఇల్లు వదిలి వచ్చిన స్త్రీకి నీడనిచ్చాయి. ఇల్లు వదలలేని స్త్రీ సంగతి వేరు. అత్తవారింట్లో వంట చేస్తూ, పిల్లలను పెంచుతూ ఉన్న ఇరవై అయిదేళ్ల గృహిణికి ఆశ్రమం అక్కర్లేదు. పొద్దున పని ముగించుకుని వచ్చి, రెండు మూడు గంటలు చదువుకుని, సాయంత్రానికి ఇల్లు చేరే ఏర్పాటు కావాలి. అలాంటి ఏర్పాటు దాదాపు ఎక్కడా లేదు.

1901 జనవరి 16న రానడే మరణించారు. ముప్పై తొమ్మిదేళ్ల వయసులో రమాబాయి బొంబాయి వదిలి పుణే ఇంటికి చేరింది. కొంతకాలం ఎవరినీ కలవలేదు. తర్వాత యెరవాడ జైలులోని మహిళా ఖైదీలను కలిసి మాట్లాడుతూ మళ్లీ ప్రజాజీవితంలోకి వచ్చింది. 1904లో బొంబాయిలో జరిగిన భారత మహిళా పరిషత్‌కు అధ్యక్షత వహించింది.

మధ్యాహ్నపు తరగతులు

1908లో బెహ్రాంజీ మలబారీ, దయారాం గిదుమల్ బొంబాయిలో సేవాసదన్ ప్రారంభించి రమాబాయిని అధ్యక్షురాలిగా ఉండమన్నారు. మరుసటి ఏడాది పుణేలోనూ సేవాసదన్ మొదలైంది. భారత సేవక సమాజానికి చెందిన గోపాల కృష్ణ దేవధర్ సంస్థాగత బాధ్యతలు మోశారు. తరగతులు ఆమె సొంత ఇంట్లోనే నడిచాయి. ఒకప్పుడు ఆమె పుస్తకం పట్టుకుంటే మొహాలు మాడిన ఇంట్లోకి ఇప్పుడు ఊరి ఆడవాళ్లు పలకలతో వచ్చారు.

అక్షరాలు, లెక్కలు, ఇంగ్లీషు, కుట్టుపని, ప్రథమ చికిత్స నేర్పేవారు. చదవడం రాని పెద్దవయసు స్త్రీ పసిపిల్లల పక్కన కూర్చోవాల్సిన ఇబ్బంది అక్కడ లేదు. పగటి వేళ, పేరున్న కుటుంబం ఇంట్లో, ఆడవాళ్ల మధ్య జరిగే తరగతులు కావడంతో అత్తగార్లకూ భర్తలకూ అభ్యంతరం చెప్పడం కష్టమైంది. రమాబాయి సంప్రదాయ వితంతువుగా, నిరాడంబరంగా కనిపించడం కూడా దీనికి తోడ్పడింది.

ఆ రోజుల స్థితి తెలిస్తే ఈ పని బరువు అర్థమవుతుంది. 1911 జనగణన ప్రకారం దేశంలో ప్రతి వందమంది స్త్రీలలో అక్షరాలు వచ్చినవారు దాదాపు ఒక్కరే.

అక్షరాలతోనే చదువు ఆగలేదు. కొందరు వితంతువులను నర్సింగ్ శిక్షణకు ససూన్ ఆసుపత్రికి పంపినప్పుడు నగరం గుసగుసలాడింది. పరాయి మగవారిని తాకడం, కులం తెలియని రోగుల ఒళ్లు తుడవడం అగ్రవర్ణ కుటుంబాలకు మింగుడుపడలేదు. రమాబాయి వెనక్కి తగ్గలేదు. చదువు నెలజీతంగా మారితేనే వితంతువుకు ఇంట్లో గౌరవం దక్కుతుందని ఆమె లెక్క. ఉపాధ్యాయినుల శిక్షణ, వసతిగృహాలు తర్వాత వచ్చాయి. శాఖలు ఇతర ఊళ్లకూ విస్తరించాయి.

ఈ నమూనాకు పరిమితులూ ఉన్నాయి. మధ్యాహ్నం తీరిక అన్నదే ఒక స్థాయి కుటుంబాల సౌకర్యం. కూలికి వెళ్లే స్త్రీకి, బీడీలు చుట్టే స్త్రీకి ఆ వేళ పని వేళే. తొలినాళ్లలో సేవాసదన్‌కు వచ్చినవారిలో ఎక్కువమంది అగ్రవర్ణ స్త్రీలు. సంస్కరణను ఇంటి మర్యాద దాటకుండా నడిపించడం రమాబాయి బలం, అదే ఆమె హద్దు కూడా. 1910లో వెలువడిన ఆమె ఆత్మకథనం పేరు ‘మా జీవితంలోని కొన్ని జ్ఞాపకాలు’ అనే అర్థంలో ఉంటుంది. అందులో భర్త కథే ఎక్కువ. సేవాసదన్ నడిపిన స్త్రీ గురించి ఆ పుస్తకం దాదాపు మౌనంగా ఉంటుంది.

వీధిలోకి వచ్చిన విద్యార్థినులు

ఆ మర్యాదస్తురాలే 1920 ప్రాంతంలో వీధిలోకి వచ్చింది. మునిసిపాలిటీలు నిర్బంధ ప్రాథమిక విద్యను అమలు చేసేందుకు బొంబాయి ప్రెసిడెన్సీలో 1918లో చట్టం వచ్చింది. పుణేలో దాన్ని బాలురకు మాత్రమే వర్తింపజేద్దామన్న వాదన లేచింది. డబ్బు చాలదు కాబట్టి ముందు బాలురకు అన్నవారిలో బాలగంగాధర తిలక్ కూడా ఉన్నారు. తిలక్ మాటకు ఎదురులేని నగరంలో రమాబాయి స్త్రీలను కూడగట్టి సభలు, ఊరేగింపు నిర్వహించింది. పదేళ్లుగా మధ్యాహ్నం ఇంటి నుంచి బయటికి రావడం అలవాటు చేసుకున్న స్త్రీలు ఉన్న ఊరు అది. బొంబాయి ప్రెసిడెన్సీలో మహిళలకు ఓటు కోసం సాగిన ప్రచారంలోనూ ఆమె ముందు నిలిచింది. 1921లో శాసనమండలి ఆ హక్కును ఆమోదించింది.

1924లో రమాబాయి మరణించింది. శతజయంతి సందర్భంగా 1962లో తపాలా శాఖ ఆమె పేరిట స్టాంపు విడుదల చేసింది.

సేవాసదన్ అన్న పేరు తెలుగువారికీ కొత్త కాదు. మద్రాసు సేవాసదన్‌ను 1928లో జస్టిస్ ముత్తా వెంకటసుబ్బారావు, ఆండాళమ్మ దంపతులు స్థాపించారు. రాజమండ్రిలో చిన్నవయసులోనే మహిళలకు హిందీ తరగతులు నడిపిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ మొదటి అధ్యక్షురాలిగా ఏర్పడిన కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు 1958లో సంక్షిప్త విద్యా కోర్సులు ప్రారంభించింది. చదువు మధ్యలో ఆగిన స్త్రీలు తక్కువ కాలంలో పరీక్ష గట్టెక్కి నర్సులుగా, టీచర్లుగా, గ్రామసేవికలుగా మారడం దాని లక్ష్యం. పుణే ఇంట్లో పనిచేసిన ఆలోచనే ఇక్కడ ప్రభుత్వ పథకమైంది.

2011 జనగణన నాటికి కూడా ఏడేళ్లు దాటిన ప్రతి వందమంది స్త్రీలలో దాదాపు ముప్పై అయిదుగురికి అక్షరాలు రావు. వారి కోసం ఒక కేంద్రం పెట్టేవారు మొదట తేల్చుకోవాల్సింది రమాబాయి తేల్చుకున్న విషయమే: ఆ ఊరి స్త్రీకి ఏ వేళ తీరిక, అప్పుడు ఆమె ఎవరి అనుమతి అడగాలి, ఇంటికి తిరిగెళ్లాక ఏ మాట పడాలి. పుస్తకాల సంగతి ఆ తర్వాత.